ఇకపై మెరుగు పెట్టిన చాకులు అమ్మను: మా కొనుగోలుదారులకు ఒక ఉత్తరం

నమస్కారం. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ ఊళ్లో తయారైన పాత జేబు చాకుల కోసం మా దగ్గరికి వచ్చే మీ అందరికీ ఈ ఉత్తరం. కొద్ది నెలలుగా మీలో చాలామంది రెండు ప్రశ్నలే అడుగుతున్నారు. కొత్త సరుకు ఎందుకు తగ్గింది? ఉన్నవి కూడా ఫోటోల్లో అంత డల్‌గా ఎందుకున్నాయి, వేరేచోట అద్దంలా మెరిసేవి ఇంతకన్నా తక్కువకే దొరుకుతున్నాయి కదా?

రెండింటికీ జవాబు ఒక్కటే. బఫింగ్ చక్రం మీద పెట్టి మెరిపించిన పాత చాకుల్ని కొనడం మానేశాను. ఇప్పుడు అమ్మడం కూడా మానేస్తున్నాను. దీనివల్ల బేరాలు తగ్గాయి, ఆ మాట దాచను. ఇక్కడ బ్రిటన్‌లో జరిగే వేలాల్లో, పాత సామాన్ల సంతల్లో కనబడే చాకుల్లో ఎక్కువ భాగం ఎవరో ఒకరు ఇప్పటికే రుద్ది పెట్టినవే. అవి పక్కన పెడితే మిగిలేవి కొన్నే, వాటికి పోటీ ఎక్కువ. అందుకే మంచి కండిషన్‌లో ఉన్నవాటి ధర ఈసారి 10 నుంచి 15 శాతం పెరుగుతుంది.

మెరుగు పెడితే తప్పేమిటని మీరు అడగొచ్చు. ప్రస్తుతం నా బల్ల మీద ఉన్న ఒక చాకు సంగతి చెబుతాను. జోసెఫ్ రోడ్జర్స్ అండ్ సన్స్ వాళ్లది, రెండు బ్లేడ్లు, ఎముక పిడి. పెద్ద బ్లేడు మొదట్లో కిరీటం, దాని రెండు పక్కలా వి, ఆర్ అక్షరాలు. అంటే విక్టోరియా రాణి కాలం, 1837కీ 1901కీ మధ్య. ఇంగ్లండ్ అనే మాట ఎక్కడా లేదు. 1891 నుంచి అమెరికాలోకి వెళ్లే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని అక్కడి చట్టం పట్టుబట్టింది, అప్పటినుంచే ఆ మాట షెఫీల్డ్ చాకుల మీద విరివిగా కనబడుతుంది. కాబట్టి ఇది బహుశా అంతకుముందుది. తేదీ ఖాయంగా చెప్పలేం గానీ అంచనాకి ఇది మంచి ఆధారం.

ఇదే చాకుని బల్బు కింద ఏటవాలుగా పట్టుకుంటే, బ్లేడు మీద పదును వైపు నుంచి వీపు వైపుకి అడ్డంగా వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు కనిపిస్తాయి. అవి సాన పట్టిన మనిషి చేతి గీతలు. బ్లేడు తెరవడానికి గోరు పెట్టి లాగే గాటు అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి. కంపెనీ ముద్రలైన నక్షత్రం, మాల్టా శిలువ రెండూ లోతుగా, కోణాలు కోణాలుగా నిలిచాయి. బఫింగ్ చక్రం మీద ఒక్క నిమిషం పెడితే ఇవన్నీ పోతాయి. అడ్డగీతల బదులు అద్దంలాంటి మెరుపు వస్తుంది, ముద్ర అంచులు కరిగినట్టవుతాయి, పొన్ను (పిడి చివరి లోహపు భాగం) మూలలు గుండ్రమవుతాయి. ఇవి వెనక్కి తేగలిగేవి కావు. ఆ చాకు చేసిన మనిషి పేరు మనకి దొరకదు. అతని పనికి మిగిలిన సాక్ష్యం ఆ గీతలే.

ఆ మనుషుల గురించి రెండు మాటలు చెప్పాలి. షెఫీల్డ్‌లో చాకుల పనివాళ్ల సంఘం, కట్లర్స్ కంపెనీ, 1624లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది. ఎవరి ముద్ర ఎవరిదో నమోదు చేసేది వాళ్లే. పెద్ద కంపెనీల పేర్లు ప్రపంచమంతా తిరిగాయి గానీ, పనిలో చాలా భాగం లిటిల్ మెస్టర్లు అనే చిన్న పనివాళ్లు చేశారు. వాళ్లు ఒక గదో, గదిలో ఒక బల్లో అద్దెకి తీసుకుని, పని దొరికిన కంపెనీకల్లా చేసేవాళ్లు. బ్లేడు కొలిమిలో సాగదీసేవాడు ఒకడు, సాన పట్టేవాడు ఒకడు, అన్నీ కలిపి చాకుగా బిగించేవాడు ఇంకొకడు. సాన పట్టేవాళ్ల బతుకు మరీ కష్టం. రాతిధూళి ఊపిరితిత్తుల్లో చేరి చాలామంది నడివయసు దాటకుండానే పోయారు. ఇంత మంచి పని వెనక ఆ లెక్క కూడా ఉందని మీరు తెలుసుకుని కొనాలని నా కోరిక.

చాకు బిగించడంలోని నైపుణ్యం బయటికి కనబడదు, చేతికే తెలుస్తుంది. మూసి ఉన్నప్పుడు పిడి వీపు మీద వేలు నిమరండి. స్ప్రింగు, దాని రెండు పక్కల ఇత్తడి రేకులు ఒకే మట్టంలో ఉండాలి. బ్లేడు పూర్తిగా తెరిచి మళ్లీ నిమరండి, అప్పుడూ అదే మట్టం. బ్లేడు తిరిగే కొద్దీ స్ప్రింగు లేచి దిగుతుంది. రెండు స్థితుల్లోనూ అది సరిగ్గా మొదటి చోటికే రావాలంటే బ్లేడు మొదలుని ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీసి, బిగించి, విప్పి, మళ్లీ అరగదీయాలి. కొలిచే యంత్రమేదీ లేకుండా కంటితో, వేలితో చేసిన పని అది. తెరిచినప్పుడూ మూసినప్పుడూ టక్కుమని శబ్దం వస్తుంది చూడండి, అది ఆ ఓపిక ఫలితమే. ఒకే స్ప్రింగు మీద రెండు బ్లేడ్లు పక్కపక్కన ఉంటే, ఒకదానికొకటి రాసుకోకుండా ఒక్కోదాన్ని కనబడీ కనబడనంత వంచుతారు. నూరేళ్లు దాటినా ఆ రెండు బ్లేడ్ల మధ్య గీత పడలేదంటే పనివాడు ఎలాంటివాడో అర్థమవుతుంది.

పనితనం ఎంతదాకా వెళ్లగలదో చూడాలంటే నార్ఫోక్ చాకు ఉంది. 1851లో లండన్ మహాప్రదర్శన కోసం రోడ్జర్స్ వాళ్లే చేశారు, 75 బ్లేడ్లు, పనిముట్లు, పిడి మీద ముత్యపు చిప్పలో చెక్కడాలు. నా వరకు నాకు మాత్రం అంతకన్నా మామూలు రెండు బ్లేడ్ల చాకే గొప్పగా అనిపిస్తుంది. అది రోజూ వాడటానికి చేసింది. షెఫీల్డ్ వచ్చినవాళ్లు కెలమ్ ఐలండ్ మ్యూజియంలోని హాలీ కలెక్షన్ (షెఫీల్డ్ చాకుల, పనిముట్ల సేకరణ) చూడకుండా వెళ్లకండి. స్టాన్ షా అనే మహా పనివాడు పద్నాలుగేళ్ల వయసులో పనిలో చేరి ముసలితనం దాకా జేబు చాకులు చేశాడు. చివరి రోజుల్లో ఆయన వర్క్‌షాప్ ఆ మ్యూజియంలోనే ఉండేది. 2021లో చనిపోయారు.

రెండో మార్పు ఏనుగు దంతం గురించి. ఇక్కడి ఐవరీ చట్టం 2022 జూన్ 6 నుంచి అమల్లో ఉంది. 1947కి ముందు చేసిన వస్తువులో దంతం పరిమాణం పదో వంతు కన్నా తక్కువుంటే, రిజిస్టర్ చేయించి అమ్మొచ్చు. కానీ రెండు వైపులా దంతపు పలకలున్న చిన్న చాకులో ఆ హద్దు ఇట్టే దాటిపోతుంది. మినహాయింపులు వెతుక్కుని అమ్మే ఉద్దేశం నాకు లేదు. రోడ్జర్స్ వాళ్ల నేలమాళిగలో దంతాలు గుట్టలుగా పేర్చిన పాత ఫోటోలు చూశాక ఆ వ్యాపారం మీద మనసు పూర్తిగా విరిగిపోయింది. తాబేటి చిప్ప పిడులూ అంతే, ఇక ఉండవు. దయచేసి అడగకండి.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఇంకో మాట. షెఫీల్డ్ చాకుల పిడులకి వాడిన కొమ్ములో చాలా భాగం మన సాంబార్ జింకది. నల్లమలలో తిరిగే కణుజే అది. ఇండియాలో అటవీ జంతువుల కొమ్ముల మీద చట్టం గట్టిగా ఉంది, ఆ పిడి ఉన్న చాకు మీకు పంపి మిమ్మల్ని టెన్షన్‌లో పెట్టలేను. కాబట్టి ఇండియాకి పంపేవి ఎముక, చెక్క, ముత్యపు చిప్ప పిడులవే. కొమ్ము పిడి ఇష్టమైన పాత ఖాతాదారులు నిరాశ పడతారని తెలుసు, అయినా తప్పదు.

హైదరాబాద్ నుంచి, నిజామాబాద్ వైపు నుంచి తరచూ వచ్చే ప్రశ్న: మన కోనసముద్రం ఊరి ఉక్కుతో చేసిన ఇంగ్లీషు చాకులు ఉన్నాయా? మన దక్కను ఉక్కు ఇంగ్లండ్ చేరిన మాట నిజం. 1795లో జార్జ్ పియర్సన్ దానిమీద రాయల్ సొసైటీకి వ్యాసం సమర్పించాడు, లండన్‌లో జేమ్స్ స్టోడార్ట్ అనే పనివాడు దాన్ని మెచ్చుకుని సాధనాలు చేశాడు, తర్వాత మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కు మిశ్రమాల మీద పనిచేశాడు. అయితే షెఫీల్డ్ జేబు చాకుల ఉక్కు వేరు. 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ అక్కడ కనిపెట్టిన మూస ఉక్కు (మట్టి మూసలో కరిగించే) పద్ధతిలో, ఎక్కువగా స్వీడన్ ఇనుము నుంచి చేసింది. షెఫీల్డ్ చాకు చూపించి ఇది మన ఉక్కేనని ఎవరైనా ఎక్కువ ధర చెబితే కాగితం అడగండి, నోటిమాట నమ్మకండి.

పండ్లు కోసుకునే వెండి మడత చాకులు మాత్రం ఈసారి బాగా దొరికాయి. పండ్ల పులుపుకి ఉక్కు నల్లబడుతుందని బ్లేడు వెండితో చేసేవాళ్లు, పిడి సాధారణంగా ముత్యపు చిప్ప. వీటి మీద ఉండే హాల్‌మార్కుల్లో సింహం వెండి నాణ్యతకి, కిరీటం షెఫీల్డ్ పరీక్షా కార్యాలయానికి గుర్తు. పక్కనున్న అక్షరం ఏ ఏడాదిదో చెబుతుంది. ఉక్కు చాకుకి అంచనాయే, వెండి చాకుకి మాత్రం ఏడాది ఖాయం. లంగరు కనబడితే అది బర్మింగ్‌హామ్‌ది. సేకరణ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను ఇదే ఇప్పిస్తాను.

ఇప్పటికే నా దగ్గర కొన్నవాళ్లు ఒక్క పని చేయండి. మీ చాకుల్లో సెల్యులాయిడ్ (పాతకాలపు ప్లాస్టిక్) పిడి ఉన్నవి ఉంటే వేరే పెట్టెలో పెట్టండి. వేలితో గట్టిగా రుద్దితే కర్పూరం వాసన వస్తుంది, అదే గుర్తు. పాతబడే కొద్దీ దాన్నుంచి ఆమ్లపు ఆవిరి వచ్చి పక్కనున్న బ్లేడ్లన్నిటికీ తుప్పు పట్టిస్తుంది. తోలు సంచీలో కూడా ఎక్కువకాలం ఉంచకండి. బూడిదరంగు మచ్చల జోలికి వెళ్లకండి, అవి వయసు మచ్చలు. ఎర్రటి తుప్పు కనిపిస్తే మెషీన్ నూనె చుక్క వేసి, ఒక రోజు ఆగి, వెదురు పుల్లతో మెల్లగా గీకండి. ఇసుక కాగితం వద్దు.

18 ఏళ్లు నిండనివాళ్లకి అమ్మను, పార్సిల్ తీసుకునేటప్పుడు వయసు రుజువు చూపించాలి. విమానంలో వెళ్లేవాళ్లు చేతిసంచీలో పెట్టుకోకండి. బ్రిటన్‌లో లాక్ లేని, 3 అంగుళాలు మించని మడత చాకు జేబులో ఉంచుకోవచ్చు, అంతకు మించినవి ఇంట్లోనే ఉంచండి.

మెరుగు పెట్టినవి మా దగ్గర ఇంకా కొన్ని మిగిలున్నాయి. వాటిని కొన్న ధరకే, మెరుగు పెట్టారన్న సంగతి స్పష్టంగా రాసి ఇచ్చేస్తున్నాను. కావాలనుకున్నవాళ్లు రాయండి, ప్రతిదానికీ ముద్రని దగ్గరగా తీసిన ఫోటో పంపుతాను. వెండి చాకుల జాబితా వచ్చే వారం, పాత ఖాతాదారులకి ముందు.