2021 వార్షిక నివేదిక: కార్యదర్శి సమర్పణ

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్య సంస్థల ప్రతినిధులకు నమస్కారాలు.

వాలంటీర్లతో నడిచే సేవా సంస్థల మన సమాఖ్య ఎందుకుందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించాక మన సభ్య సంస్థల్లో చాలావరకు మూతపడ్డాయి. 2021 అంతా తెరవడం, మూయడం, మళ్లీ తెరవడంతోనే గడిచింది.

మొదట్లో మాకు వచ్చిన ఫోన్లన్నీ శానిటైజర్, థర్మామీటర్, నేలమీద గీతల గురించే. అవీ కావాలి. కానీ వైరస్ గాలి ద్వారా సోకుతుందని స్పష్టమయ్యాక కూడా చాలాచోట్ల బల్లలు తుడవడం మీద ఉన్న శ్రద్ధ కిటికీల మీద లేదు. మనిషికి సెకనుకు కనీసం 10 లీటర్ల గాలి అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్చిలో చెప్పింది. చిన్న సంస్థ దాన్ని ఎలా కొలుస్తుంది? మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ గదిలో ఎంత పేరుకుందో చూస్తే గాలి ఆడుతోందో లేదో తెలుస్తుంది. మన సాంకేతిక బృందం ఒక కార్బన్ డయాక్సైడ్ మీటర్ తీసుకుని సంస్థలన్నిటికీ తిప్పింది. ఆరుబయట 400 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 400 భాగాలు) పైచిలుకు ఉండే రీడింగు, తలుపులు మూసిన గదిలో సమావేశం సాగేకొద్దీ ఎంతెంత ఎక్కుతుందో కళ్లారా చూశాక, కిటికీలు తెరవమని ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది. గుమ్మం దగ్గర మనుషుల మీద మందు చల్లే సొరంగం పెడదామన్న ప్రతిపాదనను కార్యవర్గం ఒప్పుకోలేదు. అది హానికరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మే నెల మార్గదర్శకాల్లోనే ఉంది.

అసలు కష్టం వాలంటీర్ల విషయంలో వచ్చింది. ఏళ్ల తరబడి సంస్థలను మోసినవాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లు. షుగరో, గుండె జబ్బో ఉన్నవాళ్లు. వాళ్లను రమ్మంటే ప్రమాదం, వద్దంటే అవమానం. మేము తయారుచేసిన ఫారంలో జబ్బుల వివరాలు అడగలేదు. ఏ పని చేయగలరు, ఏది ఇప్పుడు వద్దు, ఇంటి నుంచి ఏం చేస్తారు అని మాత్రమే అడిగాం. "రాలేను" అన్నవాళ్లను కారణం అడగకూడదని సభ్య సంస్థలన్నిటికీ రాశాం. చాలామంది పెద్దలు ఒంటరిగా ఉన్నవాళ్లకు ఫోన్ చేసి పలకరించే పని ఆనందంగా తీసుకున్నారు. వాళ్లందరికీ పాదాభివందనం.

మిగిలినవాళ్లను చిన్న చిన్న జట్లుగా చేసి, ఏ జట్టు రోజు దానికే కేటాయించమన్నాం. వైరస్ సోకాక లక్షణాలు బయటపడడానికి అప్పట్లో సగటున అయిదారు రోజులు పట్టేది, ఒక్కోసారి పద్నాలుగు రోజులూ పట్టేది. ఈలోగా జట్లు కలిసిపోతే ఒకరికి వచ్చినా సంస్థ మొత్తం మూతే. మరో మాట. లాక్‌డౌన్ హడావిడిలో చేరిన కొత్త వాలంటీర్లలో పిల్లలతో, వృద్ధులతో పనిచేసేవాళ్ల పూర్వాపరాలు కొన్ని సంస్థలు ఇంకా పరిశీలించలేదు. ఇది ఆగే పని కాదు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది అక్టోబరులో చేసిన రిహార్సల్. తెరవబోయే సభ్య సంస్థ ఆవరణలో మన వాలంటీర్లే సగం మంది సేవకులుగా, సగం మంది సహాయం కోసం వచ్చినవాళ్లుగా ఒక పూర్తి పనిరోజు నడిపారు. లోపల దూరం బాగానే పాటించారు. రిజిస్టరు దగ్గర ఒకే పెన్ను కోసం గుమిగూడారు. ఇక విరామ గదిలోకి వెళ్లగానే మాస్కులు తీసేసి పక్కపక్కన కూర్చున్నారు. కొత్తవాళ్లతో అంత జాగ్రత్తగా ఉన్నవాళ్లు తమలో తాము కలిసినప్పుడు అన్నీ మరిచిపోయారు. కాగితం మీద రాసిన ఏ ప్రణాళికలోనూ ఈ సంగతి లేదు. ఆ సాయంత్రమే విరామం వంతులవారీగా, ఆరుబయట అని నిర్ణయించాం. చూడడానికి వచ్చిన సంస్థలు అదే పద్ధతి తమ దగ్గరా పెట్టుకున్నాయి. ఆవరణ ఇచ్చిన సంస్థకు, సలహాలిచ్చిన నర్సులకు, వైద్యులకు, ఫారాలు అచ్చువేసిన మిత్రులకు, కుర్చీలు మోసిన యువతకు పేరుపేరునా కృతజ్ఞతలు.

ఆదాయ వ్యయాల పట్టిక ఆడిటర్ సంతకంతో జతచేశాం. కోశాధికారి జవాబిస్తారు. వాలంటీర్ల ప్రయాణ ఖర్చులు, మాస్కులు ఈసారి ప్రధాన ఖర్చులు.

బాధగా ఉన్నా రెండు విషయాలు రాయక తప్పదు. సామూహిక కార్యక్రమాల నిబంధనలపై స్పష్టత కోరుతూ సంబంధిత కార్యాలయానికి ఎన్ని లేఖలు రాసినా జవాబు లేదు. సర్క్యులర్లు మాత్రం మారుతూనే వచ్చాయి. ఆ టెన్షన్ అంతా సభ్య సంస్థలే భరించాయి. రెండోది మనలోపలిది. హెల్ప్‌లైన్ డ్యూటీకి కిందటి సమావేశంలో చేతులెత్తినవాళ్లలో చాలామంది ఒక్క వంతుకూ రాలేదు, రాలేమని కబురూ పెట్టలేదు. వచ్చిన ఆ కొద్దిమందే రాత్రిళ్లూ ఫోన్లు ఎత్తారు. రాలేకపోవడం తప్పు కాదు. చెప్పకపోవడం వల్ల సాటివాళ్ల మీద భారం పడింది.

నవంబరు 26న కోవిడ్ కొత్త రకం ఒమిక్రాన్ పేరు వినేసరికి, అంతా అయిపోయిందనుకున్న కొన్ని సంస్థలు మళ్లీ మొదటికొచ్చాయి. జట్లు కొనసాగించినవాళ్లకు మాత్రం పూర్తిగా మూయాల్సిన అవసరం రాలేదు. కాబట్టి జట్ల పద్ధతిని ఈ ఏడాదీ కొనసాగించాలన్న తీర్మానాన్ని సభ ముందు పెడుతున్నాను. హెల్ప్‌లైన్ వంతుల కాగితం ద్వారం దగ్గర బల్లమీద ఉంది. నిజంగా రాగలిగిన రోజులు మాత్రమే రాసి, సభ ముగిసేలోగా నాకివ్వండి.

— కార్యదర్శి