ఆ రెండు శాతం సంగతి

అమ్మలూ,

నువ్వు చూడమన్న షార్క్ ట్యాంక్ ఇండియా మొదటి సీజన్ చూసేశాం, అదే, వ్యాపారం పెట్టినవాళ్ళు వచ్చి కంపెనీలో వాటా ఇస్తాం, డబ్బు పెట్టండని పెద్ద వ్యాపారస్తుల్ని అడిగే టీవీ షో. రాత్రి కర్రీ పాయింట్ మూసి, గిన్నెలు కడిగించి చిక్కడపల్లి నుంచి ఇల్లు చేరేసరికి పదిన్నర. అప్పటికే మీ నాన్న టీవీ పెట్టేసి ఉండేవారు. హిందీ నాకర్థం కానిచోట ఆపి చెప్పేవారు. ఆయనది బేగంబజార్‌లో సరుకు బేరమాడిన హిందీ, ఆ మాత్రం వస్తుంది. ఈ ఆట 2001లో జపాన్‌లో మొదలైందని కూడా ఆయనే ఫోన్‌లో చూసి చెప్పారు. ఆహాలో 2023లో వచ్చిన ఇలాంటి షోనే 'నేను సూపర్ ఉమెన్', అది తెలుగులోనే కాబట్టి దానికి ఆయన సాయం అక్కర్లేకపోయింది.

మొదట్లో ఆ లెక్కే నాకు ఎక్కలేదు. 50 లక్షలు ఇస్తే 5 శాతం వాటా ఇస్తానన్నారనుకో, కంపెనీ మొత్తానికి 10 కోట్లని వాళ్ళే ధర కట్టేసుకున్నట్టు. తీరా అమ్మకాలు అడిగితే నీళ్ళు నములుతారు కొందరు. ఇంకొందరుంటారు చూడు, ఒక్కో ప్యాకెట్‌కి ముడిసరుకెంత, కవరెంత, డెలివరీకెంత, తిరిగొచ్చేదెంత అని అడిగితే కాగితం చూడకుండా చెప్తారు. వాళ్ళు డబ్బు దొరక్కుండా వెళ్ళినా నాకు దిగులుండదు, వ్యాపారం నడుపుకోగలరు. వెనక మ్యూజిక్ మొదలై కష్టాల కథ వచ్చిందంటే మాత్రం నేను లేచి తోడుపెట్టే పని చూసుకుంటాను. దొండకాయ ధర పెరిగితే ప్యాకెట్ రేటు పెంచాలా, కూర తగ్గించాలా? నాకది పొద్దున్నే తేలాలి. ఏడిస్తే తేలదుగా.

చేతులు కలిపి కౌగిలించుకోగానే డబ్బు వచ్చేసినట్టే అనుకున్నాను. కాదట. తర్వాత వాళ్ళ లెక్కలూ కాగితాలూ అన్నీ చూస్తారు, కొన్ని డీల్స్ అక్కడే ఆగిపోతాయి. మన ఆడిటర్ గారు చెప్పారు. పన్లో పనిగా నీ సంగతీ అడిగాను. కోప్పడకు.

మీ ఫ్రెండ్ కంపెనీలో చేరితే 2 శాతం ఇస్తానన్నాడు కదా. రేపు ఇంకెవరో డబ్బు పెట్టి, కొత్త షేర్లతో 10 శాతం తీసుకుంటే నీ 2 కాస్తా 1.8 అవుతుందట. కంపెనీ పెరిగితే అదేం నష్టం కాదు. కానీ ఈసాప్ అని, అంటే తర్వాతెప్పుడో షేర్లు కొనుక్కునే హక్కుగా ఉద్యోగులకి ఇచ్చినట్టు ఇస్తే, ఇచ్చిన రోజు నుంచి కనీసం ఏడాది గడవందే అందులో ఏదీ నీ సొంతం కాదట. ఈలోపు నువ్వు మానేసినా, వాళ్ళు మానిపించినా అంతే సంగతులు. జీతమేమో ఇప్పటిదాంట్లో సగం అంటున్నావు.

వెళ్ళొద్దని కాదు. కర్రీ పాయింట్ పెడతానన్నప్పుడు మీ నాయనమ్మ నన్నూ వద్దనే అంది. ఆ అబ్బాయిని మాత్రం టీవీలో వాళ్ళు అడిగినట్టే అడుగు. నెలకి ఖర్చెంత? చేతిలో ఉన్న డబ్బు ఎన్నాళ్ళొస్తుంది? నీ 2 శాతం ఏ కాగితం మీద ఉంది? ఫ్రెండ్‌ని ఎలా అడగను అంటావేమో, చేరాక అడగడం ఇంకా కష్టం.

కాగితం ఉంటే ఫొటో తీసి పంపు. శనివారం ఆడిటర్ గారు షాపు లెక్కలకి వస్తారు, చూపిస్తాను. అప్పటిదాకా రాజీనామా పెట్టకు.

అమ్మ