టింకూ ముందే చెప్పింది

చిన్నీ,

నువ్వు పంపిన వీడియో ఇప్పటికి పదిసార్లు చూసుంటాను. మొదటిసారి నేనూ నవ్వాను, నీ దగ్గర దాచడం ఎందుకు. నీ బుజ్జి కుక్క టింకూ, ఆ దోసెడు బొచ్చుముద్ద, మీ ఫ్రెండ్ చేతిని చటుక్కున అందుకుంటే ఎవరికైనా నవ్వొస్తుంది. కింద నువ్వు రాసిన మాట చూశాకే నవ్వు పోయింది. "ఏ కారణమూ లేదమ్మా, ఉన్నట్టుండి కరిచేసింది" అన్నావు.

ఉన్నట్టుండి కాదే. ఫోన్లో చెబితే సగంలో "సరే అమ్మా" అని పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నాను. ఆ వీడియో వేగం తగ్గించి ఇంకోసారి చూడు. ఆ అమ్మాయి వంగగానే టింకూ తల పక్కకు తిప్పుకుంది. తర్వాత ముక్కు నాక్కుంది. ఎదురుగా తిండేమీ లేదు కదా, మరెందుకు నాక్కున్నట్టు? ఆ వెంటనే ఆవలించింది. "అయ్యో, బుజ్జిదానికి నిద్రొస్తోంది" అని నీ గొంతు వినిపిస్తోంది. అది నిద్ర కాదు, టెన్షన్. తర్వాత ముందుకాలు ఒకటి కొంచెం ఎత్తి అలాగే ఉంచింది. చెవులు వెనక్కి వాలిపోయాయి. ముఖం అటు పెట్టి కళ్ళు మాత్రం ఇటు తిప్పినప్పుడు తెల్లగుడ్డు నెలవంకలా కనిపించింది. చివరికి నోరు మూసుకుని ఒళ్ళంతా బిగబట్టింది. సరిగ్గా అప్పుడే ఆ అమ్మాయి దాని పొట్ట కింద చెయ్యి పెట్టి ఎత్తబోయింది.

నేను లెక్కపెట్టాను. ఏడుసార్లు వద్దంది. ఎనిమిదోసారి పళ్ళతో అంది.

నార్వేలో ట్యూరిడ్ రూగాస్ అనే ట్రైనర్ ఇలాంటి చిన్న చిన్న సైగలన్నిటినీ కలిపి "శాంతపరిచే సంకేతాలు" అని పేరు పెట్టింది. కుక్కలు తమను తాము, ఎదుటివాళ్ళను కూడా చల్లబరచడానికి ఇవి చేస్తాయని ఆమె ఉద్దేశం. నాకైతే దీన్ని మర్యాదగా వద్దనడం అనుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. అలాగని ప్రతి ఆవలింతకీ కంగారుపడకు. పడుకుని లేచాక ఆవలిస్తే అది ఆవలింతే, తిన్నాక మూతి నాక్కుంటే అది మూతి తుడుచుకోవడమే. ఒక్క గుర్తు పట్టుకుని కూర్చోకుండా ఒళ్ళంతా చూడు, ఆ సమయంలో చుట్టూ ఏం జరుగుతోందో చూడు.

ఇప్పుడు అసలు సంగతి. ఇదే ఏ జర్మన్ షెపర్డో చేసి ఉంటే ఆ అమ్మాయి మొదటి చూపుకే రెండడుగులు వెనక్కి వేసేది. టింకూ చిన్నది కాబట్టి దాని "వద్దు"ని కూడా ఎత్తి చంకలో పెట్టుకున్నారు. చిన్న కుక్కలకు పొగరు, కోపం ఎక్కువ అంటారు చూడు, నాకు ఒళ్ళు మండుతుంది. మెల్లగా చెప్పినప్పుడు ఎవరూ వినకపోతే ఎవరైనా అరుస్తారు. 2010లో వియన్నా పరిశోధకులు కుక్కల యజమానులను ప్రశ్నలడిగి ఒక అధ్యయనం అచ్చువేశారు. చిన్న కుక్కలు పెద్దవాటికంటే మాట తక్కువ వింటాయని, త్వరగా ఉద్రేకపడతాయని అందులో తేలింది. ఇంకోటి కూడా తేలింది. వాటి యజమానులు ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా ఉంటారట. శిక్షణ ఇవ్వడమూ, కలిసి ఆడటమూ తక్కువేనట. అది చదివినప్పుడు నాకు మన మినీ గుర్తొచ్చింది.

మినీ నీకు పెద్దగా గుర్తుండదు. సోఫా మీద పడుకున్నప్పుడు ఎత్తబోతే గుర్రుమనేది. నాకు కోపం వచ్చేది. తిండి పెట్టేది నేను, నామీదే గుర్రా అనుకుని ముక్కుమీద ఒకటి వేసేదాన్ని. కొన్ని వారాలకు గుర్రుమనడం మానేసింది. దారికొచ్చిందని మీ నాన్నతో గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఒకరోజు ఇంటికొచ్చిన పిల్లవాడు పడుకున్న మినీని వాటేసుకున్నాడు. చప్పుడు లేదు, గుర్రు లేదు, నేరుగా బుగ్గ మీద గాటు. అందరూ కుక్కను తిట్టారు. నేనూ తిట్టాను. గుర్రుమంటే దెబ్బ పడుతుందని దానికి నేర్పింది నేనేనని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. మొరిగే కుక్క కరవదు అని సామెత ఉంది కదా, దాన్ని నమ్ముకోకు. మొరిగేదీ కరుస్తుంది, మొరగనిదీ కరుస్తుంది. టింకూ గుర్రుమంటే తిట్టకు, నవ్వకు, ముఖ్యంగా వీడియో తియ్యకు. నువ్వు చేస్తున్న పని ఆపి ఒకడుగు వెనక్కి జరుగు. దానికి ఏది నచ్చలేదో తర్వాత తీరిగ్గా ఆలోచించు.

తోక ఊపుతూనే కరిచింది అంటున్నావు, అది కూడా చెబుతాను. తోక ఊపడమంటే సంతోషమని మనం చిన్నప్పుడే నేర్చేసుకున్నాం. నడుముతో సహా ఒళ్ళంతా మెలికలు తిరిగిపోతూ వదులుగా ఊపితే అది సంతోషం. తోక నిక్కబొడిచి, చివర మాత్రం గబగబా కదులుతూ, మిగతా ఒళ్ళు కొయ్యలా ఉంటే దగ్గరికి వెళ్ళకు. 2007లో ఇటలీ శాస్త్రవేత్తలు ఇంకో చిత్రం కనిపెట్టారు. యజమానిని చూసినప్పుడు కుక్క తోక దాని కుడివైపుకు ఎక్కువగా ఊగుతుందట, తెలియని గట్టి కుక్కను చూసినప్పుడు ఎడమవైపుకు. కుక్కతోక వంకర అని తరతరాలుగా ఆడిపోసుకున్నాం కానీ ఎటువైపు వంగుతోందో చూసినవాళ్ళెవరు? మామూలు కంటికి ఈ తేడా దొరకడం కష్టంలే, దీనికోసం టింకూ వెనకాల తిరగకు. నీది పొమేరియన్, దాని తోక ఎప్పుడూ వీపు మీదే ఉంటుంది. ఆ తోక విడిపోయి కిందికి జారిందంటే భయపడిందేమో చూడు. వీపు మీద వెంట్రుకలు లేచాయా లేదా అన్నది అంత బొచ్చులో కనిపించదు కాబట్టి చెవులు, కళ్ళు, మూతి మీదే ఎక్కువ ఆధారపడాలి. పగ్‌లాంటి చప్పిడి ముక్కు వాటితో ఇంకా కష్టం, వాటి మడతల ముఖంలో బాధేదో మామూలు ముఖమేదో పోల్చుకోవడం అంత తేలిక కాదు.

ఎత్తుకోవడం గురించి. నేలకు జానెడు ఎత్తున ఉండేదానికి పైనుంచి రెండు చేతులు దిగడం ఎలా ఉంటుందో ఒకసారి నేలమీద పడుకుని మీ ఆయన్ని పైనుంచి వంగమని చూడు, నేను చూశాను. కింద పక్కకు తిరిగి కూర్చో, అదే రానీ. తల మీద కాకుండా గడ్డం కిందో ఛాతీ మీదో మూడు సెకన్లు గోకి ఆపు. నీమీదికి ఒరిగితే, కాలితో చేతిని తట్టితే ఇంకా కావాలన్నట్టు. తడి లేకపోయినా స్నానం చేసినట్టు ఒళ్ళు దులుపుకుని వెళ్ళిపోతే చాలన్నట్టు. ఎత్తాల్సి వస్తే ముందు ఒక మాట అను, రోజూ ఒకే మాట. ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకోటి వెనకభాగం కింద ఉండాలి. మెడ పట్టీకి గొలుసు తగిలించి లాగకు, ఈ చిన్న జాతుల్లో చాలావాటికి శ్వాసనాళం సున్నితం. ఛాతీకి తొడిగే హార్నెస్ కొను.

నిరుడు చిరిగిన చెప్పు పక్కన టింకూ ఫోటో పెట్టి "తప్పు చేసిన మొహం చూడమ్మా" అన్నావు. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు దీన్నే పరీక్షించింది. తప్పు చేసినా చెయ్యకపోయినా, యజమాని తిడితే కుక్కలు అదే మొహం పెట్టాయి. అంటే టింకూ చూసింది చెప్పును కాదు, నీ మొహాన్ని.

ఇంకొక అనుమానం. వీడియో మొదట్లో టింకూ నడుస్తూ వెనకకాలు ఒకటి రెండడుగులు ఎత్తి, మళ్ళీ దించింది. చిన్న కుక్కలకు మోకాలి చిప్ప పక్కకు జారడం మామూలే, పళ్ళ జబ్బులూ ఎక్కువే. నొప్పి ఉన్నచోట చెయ్యి పడితే ఎంత మంచిదైనా కరుస్తుంది. వణుకుతోంది, చలేమో అన్నావు. చలి కావచ్చు, అంత చిన్న ఒంట్లో వేడి నిలవదు. భయమూ కావచ్చు, నొప్పీ కావచ్చు. ఈ వారమే పశువుల డాక్టరుకు చూపించు, వీడియో కూడా తీసుకెళ్ళు.

అన్నట్టు ఆ అమ్మాయి చెయ్యి పదిహేను నిమిషాలు సబ్బూ నీళ్ళతో కడిగారా? డాక్టరు దగ్గరికి వెళ్ళిందా? పన్ను చిన్నదని ఊరుకోవద్దు, టింకూకి టీకాలన్నీ వేయించానని నువ్వు చెప్పినా సరే. ముందు ఈ సంగతి ఫోన్ చేసి చెప్పు.

తర్వాత వీలు చూసుకుని ఇంకో వీడియో పంపు. ఫోన్ ఎక్కడైనా ఆనించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చో. పిలవకు. అది దానంతట అది ఎంత దూరం వస్తుందో, ఎక్కడ ఆగుతుందో చూడాలని ఉంది.

అమ్మ