అమెరికా సాహిత్యం పుట్టిన ఊళ్లో ఒక ఏడాది: మన సాహిత్య సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో మీరు తీర్మానించినట్టే ఈ ఏడాది సమావేశాలన్నీ ఒకే ప్రశ్నకు కేటాయించాం. మన పిల్లలు పుట్టి పెరుగుతున్న ఈ దేశానికి తనదైన సాహిత్యం ఎలా ఏర్పడింది? బోస్టన్ పరిసరాల్లో కాపురముంటూ ఇక్కడి తత్వవేత్త, వ్యాసకర్త ఎమర్సన్‌ను చదవకపోవడం రాజమండ్రిలో ఉండి నన్నయను ఎరగకపోవడం వంటిదని ఆ రోజు ఒక పెద్దాయన అన్న మాట కార్యవర్గానికి ఏడాది పొడవునా గుర్తుంది.

భూమి నాలుగు చెరగులా అమెరికన్ పుస్తకం చదివేదెవరని 1820లో సిడ్నీ స్మిత్ అనే ఆంగ్లేయుడు ‘ఎడిన్‌బరో రివ్యూ’ పత్రికలో ఎద్దేవా చేశాడు. తొలి సమావేశం ఈ మాటతోనే మొదలైంది. ఇక్కడి రచనలు అంత తక్కువగా ఉండటానికి మాకు తోచిన ముఖ్య కారణం డబ్బు. విదేశీ రచయితలకు అప్పట్లో ఇక్కడ కాపీరైటు లేదు. లండన్‌లో పేరొచ్చిన నవలను ఇక్కడి ప్రచురణకర్త దమ్మిడీ ఇవ్వనక్కర్లేకుండా అచ్చు వేసుకోగలిగినప్పుడు, స్థానిక రచయితకు పారితోషికం ఎందుకిస్తాడు? ఆ చట్టం 1891 దాకా మారలేదు.

అయినా సాహిత్యం ఆగలేదు. పరాయి దేశాల విద్యకు మనం చేసిన సుదీర్ఘ శిష్యరికం ముగింపుకొస్తోందని 1837 ఆగస్టు 31న బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జిలో ఎమర్సన్ ప్రకటించాడు. ఆ తరవాత 1850 నుంచి 1855 లోపల హాథార్న్ ‘స్కార్లెట్ లెటర్’, మెల్విల్ ‘మోబీ డిక్’, థోరో ‘వాల్డెన్’, విట్మన్ ‘లీవ్స్ ఆఫ్ గ్రాస్’ వరసగా వచ్చాయి. విట్మన్ తొలి ముద్రణలో ఉన్నవి 12 కవితలే. ముఖపత్రం మీద కవి పేరు లేదు, ఎదుటి పేజీలో చొక్కా గుండీ విప్పుకుని నిలబడ్డ అతని బొమ్మ ఉంది. ఆ పేజీ నకలు చేతులు మారుతుంటే గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

శరత్కాలంలో ఎమర్సన్, హాథార్న్, థోరో నివసించిన కాంకర్డ్ ఊరికి వెళ్లాం. వాల్డెన్ చెరువు గట్టున థోరో ఒంటరిగా కాపురమున్న గుడిసె చోట ఇప్పుడు రాతి స్తంభాలున్నాయి. ఆ గుడిసె 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు. ఒక సభ్యురాలి తండ్రిగారు, తెనాలి నుంచి వచ్చినవారు, ఆ చోటును అడుగులతో కొలిచి, “మా దూడల పాక కూడా ఇంతకంటే పెద్దదమ్మా” అన్నారు. ఈ చెరువు మంచును కోసి ఓడల్లో పంపేవారనీ, మద్రాసు, బొంబాయి, కలకత్తా వాసులు తన బావి నీళ్లు తాగుతారనీ థోరో రాసింది అక్కడే చదివి వినిపించాం. మద్రాసు ఐస్‌హౌస్ అమెరికా నుంచి వచ్చిన మంచు దాచడానికే కట్టారని చెబితే ఆయన చెరువు వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. స్మశానంలో థోరో సమాధి దగ్గర సందర్శకులు పెన్సిళ్లు ఉంచి వెళతారు, థోరో ఇంటివారి వ్యాపారం పెన్సిళ్లే.

జాతీయ సాహిత్యమంతా కాంకర్డ్ గుమ్మాల్లోనే పుట్టిందనుకోవడం పొరపాటని కొందరు సభ్యులు గట్టిగా అన్నారు. వారిదే న్యాయమని నా అభిప్రాయం. బానిసత్వం నుంచి తప్పించుకున్న నల్లజాతి రచయిత ఫ్రెడరిక్ డగ్లస్ ఆత్మకథ 1845లో బోస్టన్‌లోనే అచ్చయింది. బానిస పిల్లవాడిగా బాల్టిమోర్ వీధుల్లో, పేద తెల్ల పిల్లలకు రొట్టె ముక్కలిచ్చి బదులుగా చదువు నేర్చుకున్నాడాయన. థోరో చెరువు గట్టుకు చేరిన ఆ వేసవిలోనే డగ్లస్ తిరిగి పట్టుబడతానన్న భయంతో సముద్రం దాటాల్సి వచ్చింది. డగ్లస్ ఆత్మకథనూ ‘వాల్డెన్’నూ పక్కపక్కన పెట్టి చదవాలి.

మార్క్ ట్వేన్ ‘హకల్‌బెరీ ఫిన్’ను 1885లో కాంకర్డ్ గ్రంథాలయమే మోటు పుస్తకమని తీసేసింది. ఊరి కుర్రవాడి నోటి మాటతో నవలంతా నడిపించడం పెద్దలకు మింగుడు పడలేదు. ‘కన్యాశుల్కం’ చదువుకున్న మనవాళ్లకు ఇది వేరే వివరించనక్కర్లేదు. ఆ సాయంత్రం చర్చ రాత్రి పది దాటింది.

ఖర్చు పుస్తకాలకూ, కాంకర్డ్ బస్సుకూ అయింది. చందాలు సరిపోయాయి, లెక్కలు కోశాధికారి విడిగా సమర్పిస్తారు. ఫిబ్రవరిలో మంచు తుఫాను వల్ల రద్దయిన ‘మోబీ డిక్’ సమావేశం కొత్త ఏడాదిలో మొదటిది. ఆ తరవాత కవయిత్రి ఎమిలీ డికిన్సన్ ఇల్లు చూడటానికి ఆమ్‌హర్స్ట్ వెళ్లాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. సంఘం ప్రతులు ఇళ్లకు తీసుకువెళ్లినవారు దయచేసి ఆలోగా తిరిగి ఇవ్వండి, కొత్త సభ్యులు వాటి కోసం ఎదురుచూస్తున్నారు.

కార్యదర్శి