చప్పుడు లేని చిన్న కంప్యూటరు గురించి పెద్దమ్మాయికి

చి.ల.సౌ. పెద్దమ్మాయికి, హనుమకొండ నుంచి బాపు ఆశీర్వదించి రాసే ఉత్తరం.

మేమంతా క్షేమం. నీవు ఫోనులో అడిగిన కంప్యూటరు సంగతి రెండు మాటల్లో తేలేది కాదు కాబట్టి వివరంగా రాస్తున్నాను, బిడ్డా. నాకు అర్థమైనంతవరకు నీ అవసరాలు ఇవి: పగలంతా లెక్కలు రాసే ట్యాలీ, ఎక్సెల్, జీఎస్టీ రిటర్నుల పని, వారానికి ఒకసారి తమ్ముడితో కలిసి కాసేపు వాలరెంట్ ఆట, కరీంనగర్‌లోని ఆ చిన్న ఇంట్లో పడకగదిలోనే బల్ల, దానికి దగ్గరలోనే మనుమడి ఉయ్యాల. అరచేతిలో ఇమిడే మినీ పీసీ మీద నీకు మనసైంది. నా సలహా మాత్రం ఇది: చిన్నదే కొను, కానీ దొరికేవాటిలో అన్నిటికంటే చిన్నది కొనకు.

దీనికి కారణం వేడి. కంప్యూటరు తీసుకున్న కరెంటులో ప్రతి వాటూ చివరకు వేడిగానే బయటికి రావాలి. పెట్టె ఎంత చిన్నదైతే అందులో పట్టే ఫ్యాను అంత చిన్నది, ఆ చిన్న ఫ్యాను అదే గాలిని తోయాలంటే అంత వేగంగా తిరగాలి. ఉద్యోగమంతా సబ్‌స్టేషన్లలో గడిపినవాణ్ణి కనుక ఫ్యాన్ల లెక్క నాకు కొత్త కాదు. ఒకే ఫ్యాను వేగాన్ని సగానికి తగ్గిస్తే గాలి సగమవుతుంది, కానీ అది తినే కరెంటు ఎనిమిదో వంతుకు, చప్పుడు సుమారు 15 డెసిబెళ్లు పడిపోతాయి. 10 డెసిబెళ్లు తగ్గితేనే చెవికి చప్పుడు సగమైనట్టు తోస్తుంది. అందువల్ల 120 మిల్లీమీటర్ల ఫ్యాను నిదానంగా తిరిగే పెట్టె, బొటనవేలంత ఎత్తున్న ఫ్యాను గిర్రున తిరిగే పెట్టె కంటే రాత్రిపూట ఎంతో మేలు.

ఇంకో సంగతి కూడా గమనించు. వేసవిలో సీలింగ్ ఫ్యాను, కూలర్ల మోతలో ఏ కంప్యూటరు చప్పుడూ మనకు వినబడదు. డిసెంబరులో అవన్నీ ఆపి పడుకున్నప్పుడే దాని అసలు గొంతు బయటపడుతుంది. పడకగదిలో రాత్రి చప్పుడు 30 డెసిబెళ్లు దాటకుండా ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. అయితే పెట్టె మీద కంపెనీవాళ్లు అచ్చువేసే డెసిబెళ్లను నమ్ముకోకు. ఎంత దూరం నుంచి, ఏ పని చేస్తుండగా కొలిచారో చెప్పని అంకెకు విలువ లేదు. పైగా ఒకే తీరున వచ్చే మోతకు చంటివాడు అలవాటు పడతాడు కానీ, ఎక్సెల్ ఫైలు తెరిచిన ప్రతిసారీ బుస్సుమని లేచి మళ్లీ అణిగే చప్పుడుకు ఎవరూ అలవాటు పడరు.

ఇక ఏది కొనాలన్న విషయం. ఆపిల్ కంపెనీ మ్యాక్ మినీ చిన్నదీ, చప్పుడు చేయనిదీ అని అల్లుడుగారు అన్న మాట నిజమే. 2024లో వచ్చిన ఎం4 రకం అయిదంగుళాల చదరంలో ఇమిడిపోతుంది, చప్పుడు దాదాపు ఉండదు. కానీ ట్యాలీ ప్రైమ్ విండోస్ కోసం చేసినది, వాలరెంట్ కూడా మ్యాక్ మీద ఆడదు. నీ పనికీ నీ ఆటకూ రెంటికీ పనికిరాని యంత్రం ఎంత నిశ్శబ్దంగా ఉంటే ఏం లాభం? దాన్ని పక్కన పెడదాం.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, ఇక్కడి దుకాణాలలో కూడా, ఆఫీసుల్లో వాడి అమ్మేసిన చిన్న డెస్క్‌టాప్‌లు దొరుకుతున్నాయి. థింక్‌సెంటర్ టైనీ, ఆప్టిప్లెక్స్ మైక్రో అనేవి ఆ కోవలోవే. వాటిలో చాలావరకు 35 వాట్ల ప్రాసెసర్లు ఉంటాయి కాబట్టి ట్యాలీకి చక్కగా, చల్లగా పనిచేస్తాయి. ఆట లేకపోతే నేను వాటికే ఓటు వేసేవాణ్ణి. తీసుకోదలిస్తే ఒక్కటి చూడు: ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాతదైతే విండోస్ 11ను మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఒప్పుకోదు, విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. జనం రిటర్నుల వివరాలు ఉండే యంత్రం మీద భద్రతా అప్‌డేట్లు రాని విండోస్ వాడడం నాకు ఇష్టం లేదు.

కొత్తగా వచ్చే అరచేతి మినీ పీసీలలో ఆట ఆడగలిగే బలం ఉన్నవి లేకపోలేదు. నా అభ్యంతరం వేరు. వాటిలో ప్రాసెసరు బోర్డుకు అతికించి ఉంటుంది, ఫ్యాను ఆ మోడల్‌కే ప్రత్యేకం. మూడేళ్లకు ఆ ఫ్యాను గరగరమంటే కరీంనగర్‌లో ఎవరి దగ్గర దొరుకుతుంది? 120 మిల్లీమీటర్ల ఫ్యాను అయితే ఏ కంప్యూటరు దుకాణంలోనైనా ఉంటుంది, స్క్రూడ్రైవరు ఉంటే నీవే మార్చుకోగలవు.

కాబట్టి నేను చెప్పేది విడిభాగాలు తీసుకుని కూర్పించుకునే చిన్న డెస్క్‌టాప్. ప్రాసెసరు ఏఎండీ రైజన్ 5 8600జి చాలు. ఇది 2024 జనవరిలో వచ్చింది. ఆరు కోర్లు ఉన్నాయి, లోపలే రేడియాన్ 760ఎం గ్రాఫిక్స్ ఉన్నాయి, వాటేజి 65. వాలరెంట్ వంటి తేలికైన ఆటకు వేరే గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు, కార్డు లేకపోతే దాని ఫ్యాన్ల చప్పుడూ లేదు. పెద్ద ఆటల మీద ఎప్పుడైనా మనసు పుడితే ఆర్‌టీఎక్స్ 3050 ఆరు జీబీ కార్డు వేసుకోవచ్చు. అది 70 వాట్లే తీసుకుంటుంది, విడిగా కరెంటు వైరు అక్కరలేని రకం కూడా ఉంది. ఇప్పుడు మాత్రం ఆ డబ్బు దాచుకో.

ర్యామ్ విషయంలో దుకాణదారుడు 16 జీబీ ఒక్క ముక్కగా ఇస్తానంటాడు. ఒప్పుకోకు. లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌లోంచే వాడుకుంటాయి. 8 జీబీ ముక్కలు రెండు వేస్తే రెండు దారుల్లో డేటా నడుస్తుంది, ఆటలో ఆ తేడా కంటికే తెలుస్తుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి 32 జీబీ జోలికి పోవద్దు.

భాగాలన్నీ బిగించే మదర్‌బోర్డు సైజుల్లో మినీ ఐటీఎక్స్ 17 సెంటీమీటర్ల చదరం, మైక్రో ఏటీఎక్స్ 24.4 సెంటీమీటర్ల చదరం. ఆ ఏడు సెంటీమీటర్ల ఆదాకు బోర్డుకూ కేబినెట్‌కూ ఎక్కువ ధర పెట్టాలి, పైగా ర్యామ్‌కు రెండే చోట్లు ఉంటాయి. నేనైతే మైక్రో ఏటీఎక్స్‌నే, అందులో చిన్న కేబినెట్‌లో తీసుకుంటాను. ముందు వైపు జాలీ ఉన్నదే చూడు. అద్దం పలక బిగించినది చూపులకు బాగుంటుంది కానీ గాలి ఆడదు. ప్రాసెసరు పెట్టెలో వచ్చే చిన్న కూలర్‌ను పక్కన పెట్టి, 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఉన్న టవర్ కూలర్, అంటే ప్రాసెసరు మీద నిటారుగా నిలిచే పెద్ద కూలర్, వేయించు. అది సుమారు 15 సెంటీమీటర్లకు పైగా ఎత్తు ఉంటుంది, కేబినెట్ వివరాల్లో కూలర్ ఎత్తు ఎంతవరకు పడుతుందో ముందే చూసుకోవాలి.

కేబినెట్‌తో పాటు ఉచితంగా ఇచ్చే ఎస్‌ఎంపీఎస్‌ను, అంటే భాగాలకు కరెంటు అందించే డబ్బాను, ఇంటికి తెచ్చుకోకు. చాలా మంది పొదుపు చేసేది ఇక్కడే, చప్పుడు పుట్టేదీ ఇక్కడే. కరెంటును తక్కువ వృథా చేస్తుందని చెప్పే 80 ప్లస్ ముద్ర ఉన్న 450 వాట్లది, పెద్ద ఫ్యానుది విడిగా కొను. సామర్థ్యం ఎక్కువైతే వేడిగా వృథా అయ్యేది తక్కువ, ఫ్యాను తిరగాల్సిన అవసరమూ తక్కువ. ఎస్‌ఎంపీఎస్ నుంచి ఒక్కోసారి సన్నని కీచుమనే చప్పుడు వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమనేది కోర్ ఇనుము కరెంటు ప్రతి చక్రంలో రెండుసార్లు సన్నగా సాగి ముడుచుకోవడం వల్ల. మన 50 హెర్ట్జ్‌కు అది 100 హెర్ట్జ్ మోత. ఇక్కడ కాయిల్స్ అదే రకంగా వణుకుతాయి కానీ ఎంతో ఎక్కువ వేగంతో, అందుకే గొంతు సన్నం. అది ప్రమాదం కాదు గానీ చెవికి బాధ, వారం లోపలే మార్పించుకో.

లోపల తిరిగే హార్డ్ డిస్కు వద్దు, తిరిగే భాగాలు లేని ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ 512 జీబీ చాలు. పాత లెక్కల బ్యాకప్‌కు బయట తగిలించే డిస్కు వాడి, పని కాగానే తీసేయి.

కూర్పు అయ్యాక దుకాణంలోనే బయోస్‌లో, అంటే విండోస్ మొదలుకాకముందే కనిపించే అమరికల తెరలో, రెండు మార్పులు చేయించు. మొదటిది ఎకో మోడ్: ఈ ప్రాసెసరును 45 వాట్లకు పరిమితం చేయవచ్చు, నీ పనిలో వేగం తగ్గినట్టే తెలియదు. రెండవది ఫ్యాను వేగం: 60 డిగ్రీల వరకు ఒకే నిదానమైన వేగం, ఆపైన మెల్లగా పెరగాలి, పెరగడానికీ తగ్గడానికీ కొన్ని క్షణాల ఆలస్యం ఉండాలి. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ల రేడియేటర్ ఫ్యాన్లు ఒక వేడి దగ్గర మొదలై, అంతకంటే తక్కువ వేడి దగ్గర ఆగేలా అమరుస్తాం. రెండూ ఒకటే అయితే అవి నిమిషానికోసారి ఆగి తిరుగుతుంటాయి. ఇక ఆటలో ఫ్రేములను, అంటే సెకనుకు గీసే బొమ్మలను, 60కి కట్టేసుకో. నీ మానిటరు చూపగలిగేది అన్నే కదా, మిగిలినవన్నీ వట్టి వేడి.

అంతర్జాలంలో చూసే పరీక్షలు చల్లని గదుల్లో చేసినవని మరవకు. మన మే నెలలో గది 38 డిగ్రీలు ఉంటే, 25 డిగ్రీల గదిలో చూపిన ప్రాసెసరు వేడి అంకెకు సుమారు 13 కలుపుకోవాలి. ఈ ప్రాసెసరుకు హద్దు 95 డిగ్రీలు, కాబట్టి భయం లేదు, కానీ కేబినెట్‌ను గోడకు ఆనించి మూసెయ్యకు. మీ వైపు గ్రానైట్ దుమ్ము సంగతి తెలుసు కదా. జాలీని నెలకోసారి బ్రష్‌తో దులుపు, బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టి ఉంచు.

చివరగా కరెంటు. కరెంటు పోతే ఎస్‌ఎంపీఎస్ తనలో నిలవ ఉన్న శక్తితో సుమారు 16 మిల్లీసెకన్లే ఓర్చుకుంటుంది, ఇన్వర్టరు అంతకంటే వేగంగా అందుకోవాలి. మీ ఇన్వర్టరు మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అందులో పెట్టు, అది ప్యూర్ సైన్‌వేవ్‌దేనా, అంటే లైను కరెంటులాంటి నున్నటి కరెంటే ఇస్తుందా అని ముందుగా చూడు. కాదంటే చిన్న యూపీఎస్ కొను, కరెంటు పోయినప్పుడు కూసే బీప్‌ను ఆపే సౌకర్యం ఉన్నదై ఉండాలి, లేకపోతే ఇంత శ్రమపడి కొన్న పెట్టెను వదిలేసి యూపీఎస్సే పిల్లవాణ్ణి లేపుతుంది.

దుకాణం నుంచి కొటేషన్ తీసుకుని ఫోటో పంపు. ఎస్‌ఎంపీఎస్, ర్యామ్ వరుసల్లో కంపెనీ పేరూ మోడల్ నంబరూ రాయించు. వట్టి 'ఎస్‌ఎంపీఎస్ 450' అని ఉంటే ఒప్పుకోకు. డబ్బు కట్టేముందు నేను ఒకసారి చూస్తాను.

ఇట్లు,
బాపు