శనివారం పిల్లల్ని కళ్ళు మూసుకుని ఎందుకు కూర్చోబెడుతున్నామంటే

తల్లిదండ్రులందరికీ నమస్కారం అండి.

పోయిన నెల పేరెంట్స్ మీటింగ్ లో ఒక నాన్నగారు లేచి అడిగారు, "మేడం, బాణాలు వేయడం నేర్పుతారని పంపిస్తే శనివారం గంటసేపు కళ్ళు మూయించి కూర్చోబెడుతున్నారంట, అదేం కోచింగ్ అండి" అని. ఆయన కోపంగా అడగలేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగారు. నేనే టైం లేక రెండు ముక్కల్లో ఏదో చెప్పి కూర్చున్నా, ఇంటికెళ్ళాక మనసొప్పలేదు. అందుకే ఈసారి ఫీజు తేదీలు, సెలవుల సంగతులు అన్నీ వెనక పేజీకి పంపేసి మొత్తం దీని గురించే రాస్తున్నా. కొంచెం పెద్దదైంది, ఓపిగ్గా చదవండి.

ముందు మన స్కూల్లో జరిగిందే చెప్తాను. పిల్లనీ వాళ్ళమ్మగారినీ అడిగే రాస్తున్నా, పేరు రాయను. ఎనిమిదో క్లాసు అమ్మాయి, మన గ్రౌండ్ లో వేస్తే ఆరు బాణాల్లో నాలుగైదు ఎల్లోలోనే, అంటే టార్గెట్ నడిమధ్య పసుపు రంగులోనే ఉంటాయి. పోటీకి తీసుకెళ్ళాం. పొద్దున ప్రాక్టీస్ బాణాలు కూడా చక్కగా పడ్డాయి. స్కోరింగ్ మొదలయ్యాక రెండో ఎండ్ లో, అంటే రెండో విడత బాణాల్లో, ఒకటి నడిమికి దూరంగా బ్లూలోకి పోయింది, అంతే, అక్కడినుంచి చెయ్యి గడ్డం దాకా రాకముందే బాణం వదిలేయడం మొదలుపెట్టింది. ఒకసారేమో లాగి పట్టుకుని వదలలేక చెయ్యి వణికిపోయి కిందకి దించేసింది. మన కోచ్ నా పక్కనే ఉన్నారు, "విల్లు బాగానే ఉంది మేడం, చెయ్యీ బాగానే ఉంది" అన్నారు. అయిపోయాక ఆ పిల్ల నా దగ్గరికొచ్చి ఏమందో తెలుసా అండి, "మేడం, నాకు టార్గెట్ కనపడలేదు, అమ్మకి ఏం చెప్పాలా అన్నదే కనపడింది" అంది. నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు.

దీన్ని ఆర్చరీ వాళ్ళు టార్గెట్ పానిక్ అంటారు, పెద్ద పెద్ద ఆర్చర్లకి కూడా వస్తుంది, మన పిల్ల తప్పేం కాదు.

ఇక్కడ ఒక విషయం ఆలోచించండి. కబడ్డీలోనో పరుగులోనో భయం వేస్తే గుండె దడదడలాడినా ఆ ఊపు కాళ్ళలోకి పోతుంది, ఇంకాస్త గట్టిగా పరిగెత్తుతారు, భయం ఒక్కోసారి సాయమే చేస్తుంది. ఆర్చరీ, షూటింగ్ అలా కాదు, కదలకుండా నిలబడటమే ఆట. ఒలింపిక్స్ లో ఆర్చర్ 70 మీటర్ల దూరం నుంచి కొట్టాలి, అక్కడ టెన్, అంటే పది పాయింట్లొచ్చే నడిమి చోటు, 12.2 సెంటీమీటర్ల గుండ్రం, అంటే ఇంచుమించు టీ సాసర్ అంత. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ లో అయితే టెన్ అర మిల్లీమీటర్ చుక్క, పెన్నుతో పెట్టే చుక్కకన్నా చిన్నది. అంత చిన్నదాన్ని కొట్టాలంటే గుండె కొట్టుకునే కదలిక కూడా ఎక్కువే. దడ పుట్టించే టెన్షన్ ఉంటుంది గానీ దాన్ని ఖర్చు పెట్టే దారి లేదు, అది మొత్తం వేలి చివర దగ్గర ఆగిపోతుంది.

మాథ్యూ ఎమన్స్ అని అమెరికా షూటర్ ఉన్నాడు, మన శనివారం క్లాసులో పిల్లలకి మొదట చెప్పించింది ఈయన కథే. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్, 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్ (పడుకుని, మోకాలి మీద, నిలబడి కాల్చే ఈవెంట్) ఫైనల్. ఆఖరి షాట్ కి వచ్చేసరికి మూడు పాయింట్ల లీడ్ లో ఉన్నాడు, ఏడు చిల్లర కొట్టినా గోల్డ్ ఆయనదే, ఆయన స్థాయి మనిషికి అదో లెక్క కాదు. పేల్చాడు, స్క్రీన్ మీద స్కోర్ రాలేదు. చూస్తే రెండో లేన్ లో నిలబడి మూడో లేన్ టార్గెట్ ని కొట్టాడు. సున్నా. మొదటి స్థానం నుంచి ఎనిమిదికి పడిపోయాడు. తర్వాత ఆయనే చెప్పాడు, మామూలుగా స్కోప్ లోంచి ముందు లేన్ నంబర్ చూసుకుని అక్కడినుంచి కిందకి టార్గెట్ మీదకి దిగుతాడట, ఆ ఒక్క షాట్ కి మాత్రం ప్రశాంతంగా ఉండాలి అన్నదాని మీదే మనసు పెట్టి నంబర్ చూడటం వదిలేశాడట.

ఈ ముక్క రెండుసార్లు చదవండి దయచేసి. మనం పిల్లలకి ఏం చెప్తాం, "టెన్షన్ పడకు, కూల్ గా ఉండు" అంటాం. ఆయన చేసింది సరిగ్గా అదే, కూల్ గా ఉండటానికి ప్రయత్నించాడు, ఆ ప్రయత్నంలో రోజూ చేసే పని మర్చిపోయాడు. టెన్షన్ పడకు అంటే పిల్లకి చేయడానికి ఏమీ ఇవ్వనట్టే కదా. టెన్షన్ వచ్చినప్పుడు ఏం చేయాలో ఇవ్వాలి.

శనివారం క్లాసుకి వచ్చే స్పోర్ట్స్ సైకాలజిస్ట్ ఇచ్చేది అదే. ప్రతి పిల్లకీ తనదైన ఒక వరుస ఉంటుంది: కాళ్ళు సర్దుకోవడం, ఊపిరి నిదానంగా వదలడం, భుజం దించడం, ఒక మాట మనసులో అనుకోవడం, లాగడం, చూడటం, వదలడం. ఎంచుకున్న మాట ఒక్కొక్కళ్ళది ఒక్కోటి, ఒకడు "మెల్లగా" అనుకుంటాడు, ఇంకో అమ్మాయి వాళ్ళ తాతయ్య పిలిచే ముద్దుపేరు అనుకుంటుందట. కళ్ళు మూసుకుని ఆ వరుసని మొదటి నుంచి చివరిదాకా మనసులో నడుపుతారు, మైదానం, ఎండ, గాలి, పక్కవాడి బాణం చప్పుడు అన్నీ ఊహించుకుంటూ. మధ్యలో చెడ్డ బాణం పడ్డట్టు కూడా ఊహించుకోమంటారు, పడ్డాక ఏం చేస్తావో అది చూసుకో అని. బయటినుంచి చూస్తే ఊరికే కూర్చున్నట్టే ఉంటుంది, మీ అనుమానం నాకు అర్థమైంది.

ఎమన్స్ కథ అక్కడితో అయిపోలేదు. 2008 బీజింగ్ లో అదే ఈవెంట్, మళ్ళీ లీడ్, మళ్ళీ ఆఖరి షాట్, వేలు ముందుగా ట్రిగ్గర్ కి తగిలి 4.4, నాలుగో స్థానం. మన ఇళ్ళల్లో అయితే ఇంక ఈ ఆట మానెయ్ అనేస్తాం. ఆయన మధ్యలో థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ కూడా చేయించుకుని 2012 లండన్ కి వచ్చి అదే ఈవెంట్ లో బ్రాంజ్ తీసుకున్నాడు. నాకు ఆ బ్రాంజ్ అంటే చాలా ఇష్టం.

మన రైఫిల్ షూటర్ అభినవ్ బింద్రా సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఏథెన్స్ ఫైనల్లో ఏడో స్థానం. బీజింగ్ కి ముందు జర్మనీలో 40 అడుగుల స్తంభం ఎక్కాడట, సగంలో భయమేసి ఆగిపోయి మళ్ళీ పైదాకా వెళ్ళాడు. రైఫిల్ షూటింగ్ కీ స్తంభానికీ సంబంధం ఏంటని అడుగుతారేమో, భయం ఒంట్లో ఉండగానే తర్వాతి అడుగు వేయడం అలవాటు చేసుకోవడానికి. ఫైనల్లో ఆఖరి షాట్ కి ముందు ఫిన్లాండ్ షూటర్ హెన్రీ హక్కినెన్ తో సమానంగా ఉన్నాడు, అతను 9.7 కొట్టాడు, మనవాడు 10.8 (ఒక షాట్ కి 10.9 కన్నా ఎక్కువ రాదు), గోల్డ్ మనదే. అదే పోటీలో మన హైదరాబాద్ గగన్ నారంగ్ 600 కి 595 కొట్టి కూడా టై బ్రేక్ లో ఫైనల్ పోగొట్టుకున్నాడు, నాలుగేళ్ళు ఆగి లండన్ లో బ్రాంజ్ తెచ్చాడు.

అలాగని బాణాలు వేయకుండా కూర్చుంటే వచ్చేస్తుందని నేను చెప్పట్లేదండి. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్లో 15 బాణాలకి 149 కొట్టింది, అంటే ఒక్క పాయింట్ తప్ప అన్నీ. ఏళ్ళ తరబడి చెయ్యి నొప్పెట్టేదాకా బాణాలు వేస్తేనే అది. మన టైంటేబుల్లో కూడా వారానికి ఐదు రోజులు బాణాలే, ఒక్క గంట మాత్రం ఇది.

ఇంకో మాట సూటిగా చెప్పేస్తాను. ఇద్దరు అమ్మలు ఫోన్ చేసి "మేడం, సైకాలజిస్ట్ అంట, మా బాబుకి ఏమైనా ప్రాబ్లమా, నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు" అని అడిగారు. వచ్చేది స్పోర్ట్స్ సైకాలజిస్ట్ అండి. భుజానికి ట్రైనింగ్ ఇచ్చే కోచ్ ఉన్నట్టే మనసుకి ఈవిడ. మీ బాబుకి ఏ జబ్బూ లేదు. ఉన్నా దాచుకోవాల్సిన విషయం కాదు, అది వేరే సంగతి.

ద్రోణుడి కథ మనందరికీ తెలుసు, పిట్ట కన్ను తప్ప ఏమీ కనపడటం లేదన్న అర్జునుడి చేతే బాణం వేయించాడు. చిన్నప్పటినుంచి వింటున్నా నాకు ఒక్క చోట మనసు ఆగుతుంది, చెట్టు కనపడుతోంది, అన్నదమ్ములు కనపడుతున్నారు అన్నవాళ్ళందర్నీ పక్కకి పొమ్మన్నాడు. స్కూల్ ఆ పని చేయకూడదు. చెట్టూ కొమ్మా అమ్మ మొహం అన్నీ కనపడే పిల్లలకే కదా నేర్పాల్సింది.

అమ్మ మొహం అన్నాను కాబట్టి, మీ వంతు కూడా ఒకటుంది. పోటీ అయ్యాక పిల్ల బండెక్కగానే "ఎంత వచ్చింది" అని అడగొద్దు. స్కోర్ ఎలాగూ సాయంత్రానికి వాట్సాప్ గ్రూప్ లో పెడతాం. ముందు తిండి పెట్టండి. తర్వాత మాట్లాడాలనుంటే "ఇవాళ నీ వరుస ఎన్ని బాణాలకి మర్చిపోకుండా చేశావు" అని అడగండి, దానికి ఆ పిల్ల దగ్గర జవాబు ఉంటుంది. పక్కింటి పిల్లాడి స్కోర్ ఆ రోజుకి వదిలేయండి. ఎంసెట్ కోచింగ్ పిల్లల ఇళ్ళల్లో కూడా ఇదే జరుగుతుందని నేను అనుకుంటున్నా, కానీ ఇవాళ ఆర్చరీ వరకే మాట్లాడతాను.

చివరగా ఒక పిలుపు. కొరియా ఆడవాళ్ళ ఆర్చరీ టీమ్ ఒలింపిక్స్ లో 1988 నుంచి 2024 పారిస్ దాకా వరుసగా పది టీమ్ గోల్డ్స్ గెలిచింది. వాళ్ళు ప్రాక్టీస్ కి బేస్‌బాల్ స్టేడియంలో, జనం గోల మధ్యలో నిలబడి బాణాలు వేస్తారు. మనకి స్టేడియం లేదు, కానీ మీరున్నారు. వచ్చే శనివారం పొద్దున ఆరున్నరకి గ్రౌండ్ కి రండి, పిల్లలు బాణాలు వేస్తుంటే వెనకనుంచి మీరు గోల చేయాలి. ఇంట్లో స్టీల్ ప్లేటు, గరిటె ఉంటే తెచ్చుకోండి, క్రికెట్ కామెంటరీ స్పీకర్ లో మేం పెడతాం. మీ పిల్లని పేరు పెట్టి పిలవొచ్చు, తిట్టకూడదు. అందరూ తెల్ల గీత వెనకాలే నిలబడాలి, మూడు విజిల్స్ పడితే పిల్లలు బాణాలు తెచ్చుకోవడానికి వెళ్తారు, అది పడేదాకా ఎవరూ గీత దాటొద్దు. పోటీలో చెయ్యి వణికిన ఆ అమ్మాయి కూడా వేస్తోంది, వాళ్ళమ్మగారు రెండు ప్లేట్లు తెస్తానన్నారు.

ఉంటాను,
మీ హెడ్ మిస్ట్రెస్