పూల్ నీళ్లు పారబొయ్యకుండానే ఫిట్టింగ్స్ మార్చేయొచ్చు మావా

ఒరేయ్ మావా,

నీ మెసేజ్ చూశాను. నేల మీద పెట్టిన మీ వినైల్ (ప్లాస్టిక్ షీటు) పూల్‌కి పంపు గొట్టాలు తగిలించే గోడ ఫిట్టింగ్స్ మార్చడానికి పూల్ మొత్తం ఖాళీ చేసేస్తానన్నావే, దయచేసి ఆ పని చెయ్యకు. ఈ ఎండల్లో మన విశాఖలో ట్యాంకర్ నీళ్లు దొరకడమే గొప్ప, పదిహేనడుగుల పూల్, నాలుగడుగుల లోతు అంటే దగ్గరదగ్గర 17,000 లీటర్లు, మళ్లీ నింపాలంటే ఎన్ని ట్యాంకర్లు, ఎంత క్లోరిన్, ఎన్ని రోజుల ఎదురుచూపు! మా మధురవాడ ఇంట్లో నీళ్లుండగానే మార్చేశాం, ఇప్పుడు నీళ్లలో అడుగున పడ్డ రూపాయి బిళ్ల కూడా కనిపిస్తోంది.

ముందు ఎందుకు మార్చాలో చెప్తా. పూల్‌తో పాటు నీకొచ్చిన ఆ చిన్న కార్ట్రిడ్జ్ పంపు (లోపల మడతల కాగితం లాంటి ఫిల్టర్ ఉండేది), 32 మిల్లీమీటర్ల గొట్టం, అవి నలుగురు గుంటలు దిగే పూల్‌కి చాలవురా. సన్‌స్క్రీన్ నూనె, చెమట, గాల్లోంచి పడే దుమ్ము, ఇవన్నీ కలిసి నీళ్లు పాలవిరుగుడులా అయిపోతాయి, నువ్వేమో ఇంకాస్త క్లోరిన్ వేస్తూనే ఉంటావ్. ఇసుకతో నీళ్లు వడపోసే శాండ్ ఫిల్టర్‌కి వెళ్తే గొట్టం 38 అవుతుంది. చూడ్డానికి ఆరు మిల్లీమీటర్లే తేడా, కానీ లోపల రాపిడి వ్యాసానికి అయిదో ఘాతంలో తగ్గుతుంది కాబట్టి అంతే నీరు పారడానికి పంపు పడే శ్రమ సగం కంటే తక్కువైపోతుంది. అందుకే కొత్త ఫిల్టర్ కొని పాత సన్న గొట్టాలకి తగిలిస్తే డబ్బు దండగ.

ఇంక అసలు భయం, గోడ రంధ్రం తెరిస్తే వరదొస్తుందని కదా నీది. లెక్కేసి చూడు. రంధ్రం నీటిమట్టానికి రెండడుగుల కింద ఉంటే, రెండంగుళాల రంధ్రం మీద నీరు తోసే బరువు కిలోంబావు అంతే. అరచేతితో ఆపేయొచ్చు. పూర్తిగా వదిలేసినా సెకనుకి నాలుగున్నర లీటర్ల దాకా పోతుంది, అంటే అర నిమిషం తడబడినా ఓ 135 లీటర్లు, ఆరేడు బకెట్లు. 17,000 లీటర్లలో అది లెక్కలోకి రాదు మావా, ఖాళీ చెయ్యడం ఎక్కడ, ఇదెక్కడ.

పని ఎలా జరిగిందంటే, మా బావమరిది బయట, నేను నీళ్లలో. పంపు ఆఫ్ చేసి ప్లగ్ పీకి పక్కన పడేశాకే దిగాను, అది మటుకు ఎప్పుడూ మర్చిపోకు. కొత్త ఫిట్టింగ్‌గా సింటెక్స్ ట్యాంకుకి వాడే ట్యాంక్ నిపుల్ తీసుకున్నాం, పూర్ణా మార్కెట్ దగ్గర హార్డ్‌వేర్ కొట్లలో దొరికింది. దాని లోపలి దారిని ముందే రబ్బరు బిరడాతో మూసేశాను, పాతదానికీ అలాగే లోపల్నుంచి బిరడా కొట్టాను. పక్కనే లారీ ట్యూబ్ ముక్క కూడా ఉంచుకున్నాను, ఎక్కడైనా చెయ్యి జారితే రంధ్రం మీద పరిస్తే నీరే దాన్ని గోడకి అంటిపెట్టేస్తుంది. బావమరిది బయట నట్ విప్పాడు, నేను పాతది లోపలికి లాగి అరచెయ్యి అడ్డుపెట్టాను, మధ్యలో చెయ్యి పీల్చుకున్నట్టుంది గానీ నొప్పేం లేదు. వెంటనే కొత్తది వాషర్‌తో సహా తోసేశాను. వాడి కాళ్ల మీద కాసిని నీళ్లు పడ్డాయి, అంతే. వాడు బయట వాషర్ వేసి నట్ బిగించాడు, చేత్తో బిగించి ఆపైన పావు మలుపు చాలు, ఇంకా తిప్పితే పూల్ గోడ వినైల్ నలిగిపోతుంది. ఇక్కడ నీరాపేది లోపలి వాషరే గానీ మరలు కాదు, కాబట్టి ఆ నట్ మీద టెఫ్లాన్ టేప్ చుట్టడం వృథా, టేపు గొట్టం మూసి తెరిచే బాల్ వాల్వ్ జాయింటుకే వెయ్యి.

వాల్వ్ మాత్రం తప్పనిసరిగా పెట్టు, రెండు గొట్టాలకీ. వాల్వ్ మూసి బిరడా తీసేస్తే ఇక మీదట పంపు విప్పడానికి, గొట్టం మార్చడానికి నీళ్లలో దిగక్కర్లేదు. ఓ-రింగులకి (జాయింట్లలో ఉండే గుండ్రటి రబ్బరు రింగులకి) సిలికాన్ గ్రీజే రాయి, వాసెలిన్ తగిలితే కొన్ని రబ్బర్లు ఉబ్బుతాయి. క్లిప్పులు స్టెయిన్‌లెస్ స్టీల్ తీసుకో, వీలైతే 316 గ్రేడ్, మన సముద్రపు గాలికి మామూలువి బేగి తుప్పు పట్టేస్తాయ్, తెలిసిందే కదా.

ఇసుక సంగతి. బీచ్‌నుంచి బస్తా తెచ్చి పోసేస్తానని నవ్వుతూ రాశావ్, అది నిజంగా చెయ్యకు. అందులో ఉప్పు, గవ్వల సున్నం, అన్ని సైజుల రేణువులూ కలిసుంటాయి, సన్నవి ఫిల్టర్ దాటి మళ్లీ పూల్లోకొస్తాయి. ఫిల్టర్‌కి కావాల్సింది 0.45 నుంచి 0.85 మిల్లీమీటర్ల సిలికా ఇసుక, బస్తా మీద రాసుంటుంది. పోశాక ఫిల్టర్ మీదుండే హ్యాండిల్ తిప్పి ముందు బ్యాక్‌వాష్ (నీటిని ఎదురు తోసి ఇసుక కడగడం), తర్వాత రిన్స్ (కడిగిన నీరు బయటికి పంపడం), చూడ్డానికి పెట్టిన చిన్న గాజులో నీరు తేటపడ్డాకే హ్యాండిల్ ఫిల్టర్ మీద పెట్టు. పంపు తిరుగుతుండగా ఆ హ్యాండిల్ ముట్టుకోవద్దు, లోపలి రబ్బరు చిరిగిపోతుంది. ఇసుక శుభ్రంగా ఉన్నప్పుడు ఒత్తిడి చూపే గేజ్ ఎంత చూపిస్తోందో రాసిపెట్టుకో, దానికన్నా ఎనిమిది, పది పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) పెరిగితే మళ్లీ బ్యాక్‌వాష్.

మీ పక్కింటాయన ఇలాంటి పూల్ మేడమీద పెడతారంటున్నారా? వద్దని గట్టిగా చెప్పు. మామూలు మేడని చదరపు మీటరుకి 150 కేజీల భారానికి లెక్కేసి కడతారు, నాలుగడుగుల నీళ్లంటే వెయ్యి కేజీల పైన. నేల మీదే పెట్టమను.

కరెంటు లైన్లో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) పెట్టించావా లేదా నాకు చెప్పు, పెట్టించకపోతే ముందు ఎలక్ట్రీషియన్ని పిలు, ఆ తర్వాతే మిగతా పని. రంధ్రం అడ్డంగా ఎంతుందో స్కేలు పెట్టి ఫొటో తీసి పంపు, దాన్నిబట్టి నిపుల్ సైజు చూసి నేనే తెస్తాను, ఆదివారం పొద్దున్నే వచ్చేస్తా, ఎండెక్కకముందే మొదలెట్టేద్దాం. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
మావ